ఒక పుట్టి వడ్లు, మూడు నిమిషాల విమానం

మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం ‘సుస్థిర విమాన ఇంధనం’ కలపాలని 2023 నవంబరులో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2030కి 5 శాతం అన్నది ఆ తర్వాత చేరింది. పొడి అక్షరాల్లో ఈ ఇంధనం పేరు సాఫ్. నెల్లూరు, ఒంగోలు వాళ్లు విమానం ఎక్కాలంటే మద్రాసుకో, రేణిగుంటకో, గన్నవరానికో పోవాలి. అయినా ఈ ఇంధనానికి ముడిసరుకుగా చెబుతున్నవన్నీ మన చుట్టూ ఉన్నవే. నూకలు, వాడేసిన వంటనూనె, పామాయిల్ శుద్ధిలో మిగిలే కొవ్వు ఆమ్లాలు, జామాయిల్ కర్ర, బీడు భూముల్లో పెంచే గడ్డి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మామూలు విమాన ఇంధనం కిలో మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సాఫ్ మండినా దాదాపు అంతే. ఇంజను వెనుక నుంచి వచ్చేదాంట్లో తేడా ఏమీ ఉండదు. ఆ కార్బన్‌ను అంతకుముందు ఏదో మొక్క గాలి నుంచి పీల్చింది కాబట్టి చెల్లుకు చెల్లు అనేది లెక్క. లాభమంతా ఈ లెక్కలోనే ఉంది. అందుకే ఆ మొక్క ఏ నేలలో మొలిచింది, అది లేకపోతే అక్కడ ఏముండేది, దాన్ని అంతవరకూ ఎవరు వాడుకుంటున్నారు అన్నవే అసలు ప్రశ్నలు.

ఈ ఇంధనాలు పర్యావరణం కోసం పుట్టలేదు. బొగ్గును గ్యాసుగా మార్చి, దాని నుంచి ద్రవ ఇంధనం తీసే ఫిషర్-ట్రాప్ష్ పద్ధతి 1920లలో జర్మనీలో పుట్టింది. చమురు దొరకని దక్షిణాఫ్రికాలో ససోల్ కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున నడిపింది. 2006లో అమెరికా వైమానిక దళం బి-52 బాంబరును ఈ తరహా ఇంధనంతో ఎగరేసింది. అది సహజ వాయువు నుంచి తీసింది. అప్పటి దిగులు వాతావరణం గురించి కాదు, చమురు దిగుమతుల గురించి. 2009లో ప్రమాణాలు నిర్ణయించే ఏఎస్‌టీఎం సంస్థ ఇలాంటి విమాన ఇంధనాలకు డి7566 ప్రమాణం తెచ్చినప్పుడు మొదట ఆమోదం దొరికింది ఈ పద్ధతికే. ముడిసరుకు బొగ్గయినా, కర్రయినా ఆ ప్రమాణానికి పట్టింపు లేదు. నూనెలు, కొవ్వుల నుంచి తీసే హెఫా పద్ధతికి 2011లో అనుమతి వచ్చింది.

డి7566 చూసేది ట్యాంకులోకి పోయేదాన్ని మాత్రమే. జెట్ ఎ-1, అంటే మామూలు విమాన ఇంధనం, మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. 38 డిగ్రీల కంటే తక్కువ వేడికి అంటుకోకూడదు. సాంద్రత లీటరుకు 775 నుంచి 840 గ్రాముల మధ్య ఉండాలి. సాఫ్ కలిపిన మిశ్రమంలో ఆరోమాటిక్స్ అనే ఒక రకం హైడ్రోకార్బన్లు కనీసం 8 శాతం ఉండాలి, ఎందుకంటే పాత విమానాల్లో రబ్బరు సీళ్లు వాటితోనే ఉబ్బి బిగుసుకుంటాయి. అవి లేకపోతే సీలు కుంచించుకుపోయి ఇంధనం కారుతుంది. హెఫాలో ఆరోమాటిక్స్ దాదాపు ఉండవు, సాంద్రత కూడా తక్కువ. అందుకే సగానికి మించి కలపనివ్వరు. ఆరోమాటిక్స్ తగ్గితే మసి తగ్గుతుంది, మసి తగ్గితే విమానం వెనుక తెల్లగా సాగే మంచుచారల్లో రేణువులూ తగ్గుతాయి. ఆ చారలు భూమి వేడిని ఆపుతాయి కాబట్టి ఇది నిజమైన మేలే, కాదనలేం. అయితే ఈ పరీక్షల్లో ఒక్కటీ పొలం దాకా పోదు.

పొలం సంగతి 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలతో బయటికొచ్చింది. ఆగ్నేయాసియాలో పీట్ నేలల (కుళ్లిన ఆకులు, కొమ్మలు పేరుకున్న చిత్తడి నేలల) మీది అడవిని కొట్టి పామాయిల్ తోట వేస్తే, అప్పుడు విడుదలైన కార్బన్ అప్పు తీరడానికి 423 ఏళ్లు పడుతుందని ఒక లెక్క తేల్చింది. రెండోదాని వాదన ఇంకా సూటిగా ఉంటుంది. ఇక్కడి మొక్కజొన్న ఇంధనానికి పోతే, ఆ లోటు పూడ్చడానికి ఇంకెక్కడో ఎవరో అడవినో బయలునో దున్నుతారు. దున్నిన వాడికీ ఇంధనం తయారుచేసిన వాడికీ ముఖపరిచయం ఉండదు, కానీ ఆ పొగ ఈ ఇంధనం ఖాతాలోనే రాయాలి. దీన్నే పరోక్ష భూవినియోగ మార్పు అంటారు.

2016లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానాల కార్బన్‌కు కళ్లెం వేసే కోర్సియా పథకం తెచ్చినప్పుడు ఈ లెక్కను పట్టికలో చేర్చక తప్పలేదు. మామూలు ఇంధనానికి మెగాజౌలు శక్తికి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అమెరికా మొక్కజొన్న ఇథనాల్‌తో చేసిన జెట్ ఇంధనానికి తయారీ వరకు 65.7, పరోక్ష భూమార్పు 25.1, మొత్తం 90.8. అంటే మామూలు ఇంధనం కంటే ఎక్కువ. పామాయిల్ మిల్లు మురుగునీటి చెరువుల్లో మీథేన్‌ను పట్టుకుంటే 76.5, వదిలేస్తే 99.1. ఇంతా చేసి ఈ పథకంలో అర్హత రావడానికి పదిశాతం తగ్గుదల చూపిస్తే చాలు. యూరప్ తన నిబంధనల్లో తిండి, మేత పంటలను పక్కన పెట్టింది. మన దగ్గర ఆ కంచె లేదు.

కంచె లేకపోతే ఏమవుతుందో నెల్లూరు కొలతల్లోనే చూడొచ్చు. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోల వడ్లు. మరాడిస్తే సుమారు 570 కిలోల బియ్యం. టన్ను బియ్యానికి 450 లీటర్ల చొప్పున 256 లీటర్ల ఇథనాల్. ఇథనాల్‌లోంచి నీటిని విడదీసి ఎథిలీన్ చేస్తే బరువులో 61 శాతమే మిగులుతుంది. ఆ ఎథిలీన్‌ను గొలుసులుగా కలిపి, హైడ్రోజన్ ఎక్కిస్తే జెట్ ఇంధనం. లీటరుకు 1.7 లీటర్ల ఇథనాల్ కావాలి కాబట్టి పుట్టికి దక్కేది 150 లీటర్లు. ఏ320 రకం విమానం నిమిషానికి 50 లీటర్ల దాకా తాగుతుంది. పుట్టి వడ్లు మూడు నిమిషాలు. గంట ప్రయాణానికి ఇరవై పుట్లు, అంటే ఎకరాకు మూడు పుట్లు పండితే ఏడెకరాల ఒక కారు పంట. పిప్పి పశువుల దాణాకు పోతుంది, నిజమే. కానీ నీళ్లు నిలిపిన మడిలో పుట్టే మీథేన్, యూరియా నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ (కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు), డిస్టిలరీ బాయిలరులో బొగ్గు, వీటన్నిటినీ కలిపితేనే లెక్క పూర్తవుతుంది.

ఇది ఊహ కాదా అంటే, సగమే ఊహ. 2024-25 ఇథనాల్ సంవత్సరానికి ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని క్వింటా రూ.2,250కి డిస్టిలరీలకు కేటాయించారు. అది పెట్రోలులో కలపడానికి. పెట్రోలులో 20 శాతం లక్ష్యం అందాక, కట్టుకున్న డిస్టిలరీలకు కొత్త గిరాకీ కావాలి. వాళ్ల చూపు ఇప్పుడు విమానాల మీద ఉంది.

ప్రకాశం పడమటి మెట్టకు ఇలాంటి మాటలు కొత్త కాదు. 2003లో ప్రణాళికా సంఘం నివేదిక జట్రోఫాను, అంటే అడవి ఆముదాన్ని, కోటి హెక్టార్లకు పైగా బీడుల్లో వేయాలంది. ఉమ్మడి రాష్ట్రంలో వర్షాభావ ప్రాంతాల పేరుతో అడవి ఆముదం, ఆ తర్వాత కానుగ మొక్కలు పంచారు. మేకలు ముట్టవు, నీళ్లు అడగదు, హెక్టారుకు ఐదు టన్నుల గింజ వస్తుందన్నారు. మేకలు ముట్టకపోవడం ఒక్కటే నిజమైంది. నీళ్లు లేకుండా చెట్టు బతుకుతుంది గానీ కాయదు. వర్షాధారంగా వేసిన చాలా చోట్ల టన్ను కూడా రాలేదు. కాయలన్నీ ఒకేసారి పండవు, విడతలు విడతలుగా ఏరాలి, ఏరిన కూలికి గింజ ధర సరిపోదు. పిండి విషం కాబట్టి గొడ్లకు పెట్టలేరు. కానుగ కాపుకు రావడానికి ఐదారేళ్లు ఆగాలి. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం జట్రోఫా ఇంధనం 25 శాతం కలిపి ఎగిరినప్పుడు ఆ గింజ ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చింది.

ఆ బీడులన్నీ ఖాళీవి కావు. పోరంబోకు, డీకేటీ (ప్రభుత్వం పేదలకు పంచిన భూములు), వంక గట్లు, వీటి మీదే కనిగిరి, పామూరు, సీఎస్ పురం వైపు గొర్రెల మందలు బతుకుతాయి. 2025 ఏప్రిల్ 2న పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ముడిసరుకు నేపియర్ గడ్డి, వేసేది బీడు భూముల్లో. అది విమాన ఇంధనం కాదు, వాహనాల గ్యాసు. ఇక్కడ దాన్ని చెప్పడం భూమి గురించే. నేపియర్‌ను రెండు మూడు నెలలకోసారి కోయాలంటే తడులు కావాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో అల్లాడే ఆ మండలాల్లో ఆ తడి ఎక్కడి నుంచి అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. గడ్డి, కర్రలతో జెట్ ఇంధనం చేసే పద్ధతులు వచ్చినా అడగాల్సింది ఇదే.

పంటలొద్దు, వ్యర్థాలతో చేద్దామన్న వాదనకు బలం ఉంది. వాడేసిన వంటనూనెకు కోర్సియా పట్టికలో 13.9 గ్రాములే. పానిపట్ రిఫైనరీకి 2025లో దీని కోసం ధ్రువీకరణ వచ్చింది, సామర్థ్యం ఏటా 35 వేల టన్నులు. పదేపదే కాచిన నూనె మళ్లీ బజ్జీల మూకుడులోకి పోకుండా ఆపితే జనం ఆరోగ్యానికీ మంచిదే. నూనె పదేపదే కాగితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. చిక్కు పరిమాణంలో ఉంది. హెఫాలో టన్ను నూనెకు 30-40 కిలోల హైడ్రోజన్ పట్టాలి, అది సహజ వాయువు నుంచి వస్తే కిలోకు తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్. మామూలుగా జెట్ భాగం సగం దాకానే, మిగతాది డీజిలు, నాఫ్తా, గ్యాసు. గంటసేపు ఎగరడానికి 2.4 టన్నుల ఇంధనం కావాలంటే 15 కిలోల నూనె డబ్బాలు 320 పోగేయాలి.

అంత పాత నూనె లేనప్పుడు కొత్త నూనె పాతదవుతుంది. శుభ్రమైన పామాయిల్‌లో కొంత మరిగిన నూనె కలిపితే ప్రయోగశాల కచ్చితంగా పట్టుకోలేదు. గొలుసు మొదట్లో ఉండేది హోటలు వాడు సంతకం పెట్టిన కాగితమే. పామాయిల్ మిల్లు వ్యర్థం పేరుతో మంచి నూనె పోతోందన్న అనుమానాల మధ్య, 2025 జనవరిలో ఇండోనేషియాయే ఆ వ్యర్థాల ఎగుమతిని కట్టడి చేసింది.

కృష్ణపట్నం రేవు దగ్గర వరసగా వంటనూనె శుద్ధి కర్మాగారాలున్నాయి. ముడి పామాయిల్‌ను ఆవిరితో శుద్ధి చేసేటప్పుడు విడిపోయే కొవ్వు ఆమ్లాలకు పట్టికలో 20.7 గ్రాములు, భూమార్పు సున్నా. ఉప ఉత్పత్తి కాబట్టి దాని కోసం ఎవరూ అడవి కొట్టరన్నది తర్కం. కానీ అది ఇప్పటికే సబ్బుల తయారీకీ, దాణాకూ పోతోంది. విమానాల వాళ్లు ఎక్కువ ధర పెట్టి కొంటే సబ్బుల వాళ్లు పామాయిల్ కొంటారు. సున్నా అన్నది పట్టికలోనే.

ఇక కరెంటుతో చేసే ఇంధనం. నీటి నుంచి హైడ్రోజన్, గాలి నుంచి కార్బన్ తీసి కలుపుతారు. భూమి గొడవ తక్కువ, కరెంటు గొడవ ఎక్కువ. లీటరుకు 20 యూనిట్లకు పైగా కావాలి. ఆ లీటరు ఆపేది రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను. అదే 20 యూనిట్ల సౌర విద్యుత్తును గ్రిడ్‌కు ఇచ్చి నేలటూరు థర్మల్ కేంద్రంలో అంత బొగ్గు కాల్చడం మానేస్తే ఆగేది పదహారు పదిహేడు కిలోలు.

కోర్సియా పట్టికలో భారత జట్రోఫాకు ఇప్పటికీ ఒక వరస ఉంది. పిండిని ఎరువుగా వాడితే పరోక్ష భూమార్పు మైనస్ 24.8 గ్రాములు. అంటే జట్రోఫా నాటిన బీడులో అంతకుముందు కంటే కార్బన్ పెరుగుతుందని నమూనా లెక్కగట్టింది. అలా లెక్కగట్టాలంటే ఆ నేల మీద చెప్పుకోదగ్గదేదీ లేదనుకోవాలి, నాటిన చెట్టు నిలబడి కాస్తుందనీ అనుకోవాలి.