టైల్స్ సందుల్లో యాసిడ్ పొయ్యకండి

విజయవాడ

పిల్లలూ,

బెజవాడ ఫ్లాట్లలోనైనా, గుంటూరు బ్రాడీపేట డాబాల్లోనైనా పండక్కి ముందు ఒకటే పని, బాత్రూంలో యాసిడ్ పోసి తోమడం. బుసబుసా పొంగగానే మురికి వదిలిందనుకుంటారు. ఆ పొంగేది సందులోని సిమెంటర్రా! టైలుకీ టైలుకీ మధ్య నింపే గ్రౌట్‌లో సున్నం ఉంటుంది, యాసిడ్ దాన్ని కరిగిస్తుంది. సందు గుంటపడి నీళ్లు నిలుస్తాయి, నాచు పట్టి నల్లబడుతుంది, మళ్లీ యాసిడ్ తెస్తారు. వంటసోడా ముద్దగా కలిపి రాసి, పది నిమిషాలాగి నైలాన్ బ్రష్‌తో తోమితే మామూలు మురికి పోతుంది. బ్లీచింగ్ వేసినచోట యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

గ్రౌట్ ఊడిపోతుంటే ముందు ఆ చుట్టూ టైళ్లను రూపాయి బిళ్లతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే టైలు కింద పట్టు లేదన్నమాట. అలాంటిచోట ఎన్నిసార్లు నింపినా పగులుతుంది, టైలే తీసి మళ్లీ వేయించాలి.

గట్టిగా ఉంటే పాతది గీకాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైపైన తెల్ల సిమెంటు పూసేస్తారు, ఆ పలచటి పొర నెలల్లోనే పెచ్చులూడుతుంది. టైలు మందంలో మూడింట రెండు వంతుల లోతు, అంటే 9 మి.మీ. టైలుకు 6 మి.మీ. దాకా తియ్యాలి. టైలు అంచు పెచ్చు లేవకుండా నిదానంగా గీకి, దుమ్మంతా ఊదెయ్యండి. సందు వెడల్పు 3 మి.మీ. లోపుంటే ఇసుక లేని గ్రౌట్, అంతకు మించితే ఇసుక కలిసినది.

నీళ్లు ప్యాకెట్ మీద రాసిన కొలతే. జారుగా ఉంటే పని సులువనిపిస్తుంది గానీ, ఎక్కువైన నీరు ఆరి గ్రౌట్ కుంచించుకుపోయి బీటలిస్తుంది. కలిపి ఐదు నిమిషాలు వదిలి మళ్లీ కలపండి. గట్టిపడుతున్న ముద్దలో నీళ్లు పోసి సాగదీయొద్దు. రోహిణి కార్తె ఎండల్లో అయితే సందును ముందు తడిపి, నిలిచిన నీరు అద్దెయ్యండి, ఫ్యాన్ ఆపండి. రబ్బరు పలకతో సందుకు ఏటవాలుగా నొక్కి నింపాలి. సందు వెంబడే లాగితే ముద్ద పైకి లేచొస్తుంది. కాస్త బిగిశాక గట్టిగా పిండిన స్పాంజితో తుడవండి. ఒకరోజు దాకా నడవొద్దు, బాత్రూంలో మూడురోజులు నీళ్లు పోయొద్దు.

గోడా నేలా కలిసే మూలలో గ్రౌట్ వద్దు, రబ్బరులా సాగే సిలికాన్ పెట్టండి. ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి, గ్రౌట్ సాగదు కనుక పగులుతుంది.

టిఫిన్ హోటల్ వంటగదికి ఎపాక్సీ గ్రౌటే నయం, అంటే రెసిన్, హార్డనర్ అని రెండు భాగాలుగా వచ్చి, కలిపితే గట్టిపడేది. ఖరీదెక్కువైనా నూనె, సాంబారు లోపలికి ఇంకవు. దీనికి మాత్రం సందు పూర్తిగా ఆరాకే నింపాలి. రెసిన్, హార్డనర్ ప్యాక్ మొత్తం కలపండి, కంటి అంచనాతో సగం సగం కలిపితే గట్టిపడక జిగటగా మిగులుతుంది. టైలు మీద అంటినది వెంటనే తుడిచెయ్యండి, ఆరాక గీకడం నరకం.

గ్రౌట్ రంగు షేడ్ నంబరు గోడ క్యాలెండర్ మీద కాకుండా ఇంటి కాగితాల్లో రాసి పెట్టుకోండి.

మీ తాతయ్య