కేస్ షీట్ ఎవరిది? రోగి గోప్యతపై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆసుపత్రి వైద్య రికార్డుల విభాగంలో, అంటే మేము ఎంఆర్‌డీ అని పిలుచుకునే చోట, పనిచేస్తున్న నాకు కౌంటర్ దగ్గర తరచుగా వినబడే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రక్తసంబంధీకులు అడిగితే ఫైలు చూపించి తీరాలి.

వాస్తవం: "నేను వాళ్ల బాబాయిని, బిల్లు కట్టింది కూడా నేనే" అంటూ వచ్చేవారికి నొప్పి కలగకుండా నచ్చజెప్పడం మా ఉద్యోగంలో కష్టమైన భాగం. మేజరై, స్పృహలో ఉండి, తన నిర్ణయం తాను చెప్పగలిగిన రోగి విషయంలో ఆ రోగి సంతకం చేసిన అనుమతి పత్రం, తెచ్చినవారి గుర్తింపు కార్డు లేనిదే మేము కాపీలు ఇవ్వము. బిల్లు కట్టినంత మాత్రాన రోగనిర్ధారణ తెలుసుకునే హక్కు రాదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టమైతే ఇంకా కఠినమైనది. చట్టమే పేర్కొన్న కొన్ని సందర్భాలలో తప్ప, రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ ఉందన్న వివరం బయటపెట్టకూడదు. కేస్ షీట్ అట్ట మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టే పాత అలవాటును మేము మాన్పించింది ఇందుకే, ఎందుకంటే స్ట్రెచర్ తోసే మనిషి నుంచి పక్క మంచం అటెండెంట్ వరకు ఆ గుర్తును చదవగలరు.

అపోహ: ఫైలు ఆసుపత్రి సొత్తు, రోగికి ఇవ్వనక్కరలేదు.

వాస్తవం: అసలు ప్రతి మా దగ్గరే ఉంటుంది, కానీ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి కోరిన 72 గంటలలోగా రికార్డులు అందజేయాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలన్నది కూడా అందులోనిదే కాబట్టి, కాపీలు కావలసినవారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

అపోహ: గోప్యత అంటే ఎవరికీ ఏమీ చెప్పకపోవడం.

వాస్తవం: కోర్టు ఆదేశిస్తే ఇవ్వాలి. 2012 నుంచి క్షయ కేసులను ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి.

అపోహ: ఆభా (కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకుంటే మన రిపోర్టులన్నీ ఢిల్లీ చేరతాయి.

వాస్తవం: ఆ 14 అంకెల సంఖ్య ఒక గుర్తింపు మాత్రమే. రికార్డులు ఎక్కడ తయారయ్యాయో అక్కడే ఉంటాయి, మీరు సమ్మతించిన మేరకే మరొకరికి కనబడతాయి.

అపోహ: సమాచారం బయటికి పోయేది హ్యాకర్ల వల్లనే.

వాస్తవం: 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై జరిగిన దాడి చిన్నదేమీ కాదు, అయినా నా అనుభవంలో ఎక్కువ జారేది మా చేతుల్లోంచే. సలహా కోసం వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎక్స్‌రే ఫొటో మూలన రోగి పేరు, వయసు, నంబరు స్పష్టంగా కనబడుతుంటాయి. ఏ ఫైలును ఏ లాగిన్‌తో ఎప్పుడు తెరిచారో సాఫ్ట్‌వేర్ నమోదు చేస్తుంది గానీ, ఒకే లాగిన్‌ను వార్డంతా వాడితే ఆ నమోదుకు అర్థం లేదు. ఒక వార్డులో మానిటర్ అంచుకు ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటించిన పాస్‌వర్డ్‌ను నేనే పీకాను. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ పాస్‌వర్డ్ ఎవరిదో ఆ సిస్టర్ ఒక్కతే వారం రోజులు మూడు షిఫ్టులూ చేసింది.