ఆట ముక్క జోస్యం నేర్చిన కథ

హన్మకొండలో గ్రూప్స్‌కి చదివే పిల్లల్లో కొందరు ఇప్పుడు జోస్యం కోసం ఫోన్‌లోనే టారో అనే బొమ్మల పేకలోంచి కార్డు తీయించుకుంటున్నారు. ఉద్యోగం వస్తుందా, సంబంధం కుదురుతుందా అన్న టెన్షనే ఎక్కువ. ఐనవోలు జాతరలో చిలుక జోస్యం చెప్పేవాళ్లనూ జనం అడిగేది ఇవే. కాకపోతే టారో అనగానే అది ఈజిప్టు పూజారుల నాటి విద్య అంటారు. అది నిజం కాదు.

టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది, అదీ పేకాటగా. మిలాన్, ఫెరారా ప్రభువుల ఇళ్లలో బంగారు రేకు అద్దిన ముక్కలతో ఆడేవారు. పేకకు 78 ముక్కలు. కప్పులు, నాణేలు, కత్తులు, కర్రలు అనే నాలుగు రంగుల్లో 56. ఈ రంగులు ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానుల కాలపు పేక నుంచి వచ్చాయి, ఈజిప్టుతో ఉన్న చుట్టరికం అంతవరకే. మిగతా 22 బొమ్మ ముక్కలు. సూర్యుడు, చక్రవర్తి, మరణం లాంటివన్నీ మిగతా ముక్కల్ని కొట్టే తురుపులు. ‘మరణం’ చేతికొస్తే ఆటగాడు సంతోషించేవాడు.

1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాఁ అనే పండితుడు ఈ బొమ్మల్లో ఈజిప్టు జ్ఞానం దాగుందని రాశాడు. అప్పటికి ఆ దేశపు చిత్రలిపి చదవగలిగినవాళ్లే లేరు, షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు కాబట్టి మాట నిలబడిపోయింది. కొన్నేళ్లకే ఎటెల్లా అనే పేరుతో రాసే అలియెట్ జోస్యానికే ప్రత్యేకంగా పేక అచ్చు వేయించాడు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 1909లో లండన్‌లో వచ్చిన పేక. అర్థాలు రాసింది ఆర్థర్ వెయిట్, బొమ్మలు వేసింది పమేలా కోల్మన్ స్మిత్. పాత పేకల్లో చాలావరకు ఐదు కప్పుల ముక్కంటే ఐదు కప్పులే. స్మిత్ ముక్కలో నల్ల అంగీ కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల ముందు తల వంచుకుని నిలబడతాడు, వెనక రెండు నిక్షేపంగా ఉంటాయి. పోయినదానికే ఏడుస్తున్నావని చెప్పడానికి ఏ శాస్త్రమూ చదవక్కర్లేదు. టారో ఇంతగా పాకింది ఈ బొమ్మల వల్లేనని నా లెక్క. ఆమెకు మాత్రం ముట్టింది కొంచెమే, 1951లో అప్పులతోనే పోయింది. పేకకు ఏళ్ల తరబడి ప్రచురణకర్త రైడర్ పేరూ వెయిట్ పేరే నడిచాయి.

ఈ రోజుల్లో చాలామంది ‘మరణం’ పడితే చావు అని చెప్పరు, ఒక దశ ముగిసిందంటారు. కొందరు జోస్యం మాటే ఎత్తరు, మనసులోది బయటికి చెప్పించడానికి బొమ్మ ముందు పెడతారు. ఆ వాడకంతో నాకు పేచీ లేదు. ముహూర్తాలూ పరిహారాలూ అంటూ డబ్బు లాగడం దగ్గరే చిక్కు.

మన నిర్మల్ నకాషీ చిత్రకారులూ గంజీఫా అని గుండ్రటి పేక ముక్కలు చేసేవారు. దశావతార గంజీఫాలో అవతారానికి పన్నెండు చొప్పున 120. అన్నిటి మీదా దేవుళ్లో వాళ్ల గుర్తులో ఉంటాయి, అయినా అది ఆటగానే మిగిలింది. ఫ్రాన్స్‌లో ఈనాటికీ టారో అంటే నలుగురు కూర్చుని తురుపులు కొట్టుకునే ఆటే.