పల్లీ పట్టి, ఇప్పగింజ

జడ్చర్ల డిగ్రీ కాలేజీలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్ చూసొచ్చిన ఒక పాఠకుడు అడిగాడు: "అరుదైన మొక్కలను కాపాడాలంటే గింజలు ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా సార్? ఇంత జాగా, ఇన్ని నీళ్లు ఎందుకు?"

తంగేడు, రేల లాంటివాటికైతే ఆయన మాట చాలావరకు నిజమే. ఎందుకో తెలియాలంటే పల్లీ పట్టి దగ్గరికి పోవాలి.

పొయ్యి మీదున్నంతసేపు జారే బెల్లం పాకం, నీరు ఇగిరి చల్లారాక కటుక్కున విరుగుతుంది. అందులో అణువులు వరుసకట్టి స్ఫటికం కాలేదు, ఎక్కడివక్కడ చిక్కుబడి ఆగిపోయాయి. భౌతికశాస్త్రం దీన్నే గాజుస్థితి అంటుంది. ఎండే గింజలోనూ ఇదే జరుగుతుంది. సుక్రోజ్, రాఫినోజ్ చక్కెరలు, గింజ ఎండేటప్పుడు కణాన్ని కాపాడే ఎల్‌ఈఏ ప్రోటీన్లు కలిసి కణద్రవాన్ని పాకంలా బిగిస్తాయి. నీరు ఖాళీ చేసిన చోట చక్కెర నిలబడి, కణపొరలోని కొవ్వు అణువులు ఒకదానిలోకి ఒకటి కూరుకుపోకుండా ఆపుతుంది. ఎంజైములు, డీఎన్ఏ పట్టిలో పల్లీల్లా ఇరుక్కుంటాయి. కదలిక లేకపోతే చెడిపోవడమూ నత్తనడకే.

అదే పట్టిని శ్రావణంలో మూత పెట్టకుండా వదిలేయండి. తేమ పీల్చి జిగటబారి, ముక్కలన్నీ ఒకే ముద్దవుతాయి. నీరు అణువుల మధ్య దూరి, గాజు మెత్తబడే ఉష్ణోగ్రతను కిందికి దించేస్తుంది. చెమ్మ తగిలిన గింజకూ ఇదే గతి: అణువులు కదులుతాయి, ఆక్సీకరణ సాగుతుంది, మొలకశక్తి పోతుంది.

దీనికి హారింగ్టన్ అనే శాస్త్రవేత్త ఒక మోటు లెక్క కట్టాడు. తేమ 1 శాతం తగ్గితే గింజ ఆయుష్షు రెట్టింపు, వేడి 5 డిగ్రీలు తగ్గితే మరో రెట్టింపు. తేమ 12 శాతం నుంచి 6కు దిగితే 64 రెట్లు. పాలమూరు గది 35 డిగ్రీల నుంచి ఫ్రిజ్ 5 డిగ్రీలకు పోతే ఇంకో 64. రెండూ కలిస్తే 4096 రెట్లు! కాగితం మీద అంతే, గింజలన్నీ ఈ లెక్క వినవు. విత్తనాలను ఏళ్లతరబడి దాచే జీన్ బ్యాంకులైతే 3–7 శాతం తేమకు ఆరబెట్టి, సున్నాకు 18 డిగ్రీల దిగువన దాస్తాయి. అమావాస్యనాడు ఎండబోస్తే పురుగు పట్టదనే పెద్దలున్నారు. చంద్రుడి సంగతేమో గానీ, ఎండ మాత్రం పనిచేస్తుంది.

ఇక ఇప్ప. మామిడి, పనస, నేరేడు కూడా ఈ జట్టే. ఎండబెడితే చస్తాయి. తడిగా గడ్డకట్టిస్తే మంచు పలుకులు కణపొరలను చీల్చేస్తాయి. 1973లో రాబర్ట్స్ అనే విత్తన శాస్త్రవేత్త ఎండకు ఓర్చేవాటిని ఆర్థోడాక్స్, ఓర్వనివాటిని రికాల్సిట్రెంట్ అన్నాడు. మన పాఠాల్లో ఈ రెండు పేర్లూ బట్టీ పట్టిస్తారు, కారణం చెప్పరు. కారణం కార్తెల్లో ఉంది. రేల కాయలు ఎండాకాలమంతా చెట్టుకే వేలాడతాయి, కాబట్టి ఆ గింజకు పాకం కావాలి. ఇప్ప, నేరేడు పండి రాలేసరికి మృగశిర వానలు పడుతుంటాయి. తడినేల మీద పడి వెంటనే మొలిచే గింజకు పాకం పట్టే అవసరమే రాలేదు.

ఇలాంటివాటి పిండాన్ని మాత్రం కోసి, చప్పున ఆరబెట్టి, సున్నాకు 196 డిగ్రీల దిగువన ద్రవ నత్రజనిలో దాచే పద్ధతి ఉంది. అన్ని జాతులకూ కుదరదు, పైగా ఆ పిండాన్ని మళ్లీ మొక్కగా పెంచే టిష్యూ కల్చర్ ల్యాబ్ కావాలి. లేదంటే చెట్టుగానే పెంచాలి, అందుకే అంత జాగా, అన్ని నీళ్లు. ఒక్క చెట్టుతో తీరదు కూడా. ఒక చెట్టంటే జన్యువుల మూట ఒక్కటే, జాతిలోని వైవిధ్యమంతా అందులో ఉండదు. అందుకే నల్లమలలో వేర్వేరు చోట్ల, వేర్వేరు తల్లిచెట్ల కింద గింజలు ఏరాలి. దారిలో ఆరిపోకుండా తడి ఇసుకలో పెట్టి తెచ్చి, రాగానే విత్తాలి.