మూరెడు చాలు, బారెడు వద్దు: చేతికుట్టులో అపోహలు - వాస్తవాలు

కుట్టు నేర్చుకోవడానికి కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర నేను మళ్లీ మళ్లీ వినే మాట ఒకటుంది. "నా చేయి దీనికి పనికిరాదండీ, దారం ఊరికే చిక్కుపడిపోతోంది." సూది వైపు చూస్తే బారెడు దారం వేలాడుతుంటుంది. చేతిది కాదండీ తప్పు, దారానిది!

అపోహ: దారం పొడుగ్గా తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుంది.

వాస్తవం: ఎక్కించే పని తప్పుతుందేమో గానీ చిక్కులు విప్పే పని మీద పడుతుంది. కుట్టు వేసిన ప్రతిసారీ మిగిలిన దారమంతా గుడ్డలోంచి రాసుకుంటూ రావాలి. సూదికి దగ్గరగా ఉన్న దారమైతే చివరిదాకా అలా దూరుతూనే ఉంటుంది కాబట్టి పీచు లేచి, పలచబడి, పుటుక్కున తెగుతుంది. పైగా మనకు తెలియకుండానే సూదిని వేళ్ల మధ్య కాస్త తిప్పుతుంటాం, ఆ తిప్పుడంతా దారానికి పురిగా ఎక్కి, వదులు దొరికిన చోటల్లా మెలిపడి ఉచ్చు వేసుకుంటుంది. మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర, అంటే సుమారు 45 సెంటీమీటర్లు, అంతే తీసుకోండి. రెండు పేటలు కావాలంటే మడిచాక మూర ఉండాలి. మధ్యమధ్యలో గుడ్డ పట్టుకుని సూదిని వదిలేయండి, అది గాల్లో గిరగిరా తిరిగి పురి తనంతట తానే విడిపోతుంది.

చిక్కు పడిందా, లాగకండి. చాలాసార్లు అది ముడి కాదు, ఉచ్చు మాత్రమే. అందులో సూది మొన దూర్చి మెల్లగా కదిపితే విడిపోతుంది. ఈ బుద్ధి నాకు మొదట్లో లేదు. తెల్లారితే ప్రయాణం, రాత్రి పన్నెండింటికి ప్యాంటు అంచు మడిచి కుడుతున్నా, సగంలో చిక్కుపడింది, కోపంతో ఒక్క గుంజు గుంజాను, అంచంతా ముడుచుకుపోయింది, విప్పబోయి కత్తెరతో గుడ్డే కోసేశాను. పాత ప్యాంటుతోనే వెళ్లాను లెండి.

"బిగించి లాగితే కుట్టు గట్టిగా ఉంటుంది" అనేది కూడా ఇలాంటిదే. గుడ్డ ముడతపడిందంటే ఎక్కువ లాగారని అర్థం, అంతే.

చేతికుట్టు నిలవదనేది వట్టి పుకారు. ఎవరు పుట్టించారో! విడిపోయిన అతుకును బ్యాక్ స్టిచ్‌తో, అంటే ప్రతి కుట్టుకూ ఒక అడుగు వెనక్కి వెళ్లి, చిన్నచిన్నగా కుట్టి చూడండి. టాకాలు, అంటే తాత్కాలికంగా వేసే పొడుగాటి వదులు కుట్లు, వేసి వదిలేస్తే ఊడిపోదా మరి? టాకాలు ఉన్నదే తర్వాత తీసేయడానికి.

సూది నంబరు పెరిగితే సూది లావవుతుందనుకోకండి, చేతికుట్టు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది.

గుండీని గుడ్డకు అంటుకుపోయేలా కుట్టకూడదు. కాజా గుడ్డ కూర్చోవడానికి కింద కాస్త చోటు కావాలి. గుండీ మీద అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి దాని మీదుగా కుట్టండి. పుల్ల తీసేసి గుండీని పైకి లాగి, కింద వదులుగా ఉన్న దారం చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి, గుడ్డ వెనక ముడి వేయండి.

ఇక బెజ్జంలో దారం ఎక్కక టెన్షన్ పడేవాళ్లకు: కొసను ఏటవాలుగా కత్తిరించి, రవ్వంత మాత్రమే బయటికి కనిపించేలా రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకోండి. ఇప్పుడు దారాన్ని కదపకుండా, సూదినే దాని మీదికి తీసుకురండి.