అధికారాలు రాశారు, బాధ్యతలు మరిచారు: 1897 అంటువ్యాధుల చట్టం కథ

2020 మార్చిలో కరోనా కట్టడికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా చాలా రాష్ట్రాలు ఉత్తర్వులు ఇచ్చింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం కిందే. మొదట రాసినప్పుడు అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం అవసరమనుకున్న ఏ ఆంక్షైనా పెట్టొచ్చు, మాట వినని వాళ్లను శిక్షించొచ్చు, సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. జబ్బుపడ్డ మనిషికి ప్రభుత్వం ఏం చేసి తీరాలో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆ చట్టం పుట్టింది ప్లేగు కాలంలో. 1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్విలో రోగం బయటపడింది. మన ఓడలను ఐరోపా రేవులు ఎక్కడ ఆపేస్తాయోనని బ్రిటిష్ ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. 1897 ఫిబ్రవరి 4న చట్టం వచ్చేసింది.

దాని అసలు రూపం పుణే చూసింది. ప్లేగు కమిటీకి అధ్యక్షుడైన వాల్టర్ రాండ్ ఇళ్ల సోదాలకు సైనికులను దింపాడు. వాళ్లు బూట్లతోనే వంటింట్లోకి, పూజగదిలోకి వెళ్లారు. సామాన్లు బయటేసి తగలబెట్టారు. ఆడవాళ్లని కూడా చూడకుండా చంకల్లో, గజ్జల్లో గడ్డల కోసం నలుగురిలో తడిమి చూశారన్న ఫిర్యాదులు వచ్చాయి. జనం రోగులను దాచిపెట్టారు, ఊళ్లు వదిలి పారిపోయారు. రోగమూ వాళ్లతో పాటే వెళ్లింది. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. ఆ గాయాలతోనే అతను చనిపోయాడు. కేసరి పత్రికలో వచ్చిన రాతలకు తిలక్‌కు 18 నెలల జైలు పడింది. మరుసటి ఏడాది బొంబాయిలోనూ అల్లర్లు జరిగాక ప్రభుత్వం బలప్రయోగం నుంచి మెల్లగా వెనక్కి తగ్గింది.

తగ్గి ఎక్కడిదాకా వెళ్లిందో 1918లో తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం ఓడల మీద ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి చేరింది. సెప్టెంబరు నాటికి రెండో దఫా విరుచుకుపడింది. చాలామంది ప్రభుత్వ డాక్టర్లు యుద్ధరంగంలో ఉన్నారు. పైగా ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చట్టం అదే, చేతిలోనే ఉంది. సర్కారు మాత్రం చాలావరకు జనాన్ని వాళ్ల మానాన వదిలేసింది. బొంబాయిలో పాలు, మందులు, దుప్పట్లు పంచింది ఎక్కువగా స్వచ్ఛంద సేవా సంఘాలు, కుల సంఘాలే. మరణాలు 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా ఉంటాయని అంచనా. 1911–21 మధ్య దేశ జనాభా తగ్గిపోయింది. మన జనగణనల్లో అలా జరిగిన దశాబ్దం అదొక్కటే. రాండ్ దౌర్జన్యం పాఠ్యపుస్తకాలకెక్కింది, ఈ నిర్లక్ష్యం ఎక్కలేదు. నా దృష్టిలో ఇది దానికన్నా పెద్ద నేరం.

2020లో ప్రభుత్వం మళ్లీ బలప్రయోగం వైపే తిరిగింది. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచే లాక్‌డౌన్. ఈసారి విపత్తు నిర్వహణ చట్టం కూడా తోడైంది. పని ఆగిపోయి, చేతిలో డబ్బులైపోయిన వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతాలివ్వండి, ఊళ్లకు పంపండి అని ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి ఐదు వారాలు దాటింది.

ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బందిపై దాడి చేస్తే ఏడేళ్ల దాకా జైలు అన్నారు. అది అవసరమే. రోగి వైపు నుంచి, కూలీ వైపు నుంచి మాత్రం ఏమీ చేర్చలేదు. ఈ చట్టం చాలదని, సమగ్రంగా మార్చాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 286వ నివేదికలో చెప్పింది. మార్చేటప్పుడు ముందుగా రాయాల్సినవి ఇవీ: ఊరు మూసే ముందు జనానికి ఎంత గడువివ్వాలి, మూసినన్నాళ్లూ తిండి, కూలి ఎవరు చూడాలి, సొంతూరు వెళ్తానన్న వాళ్లను ఎన్ని రోజుల్లో చేర్చాలి.