విలీనం సరే, మాట ఎవరిది?

2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం రెండు పనులు చేసింది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) హద్దులను ప్రతిపాదిత రీజినల్ రింగ్ రోడ్డు వైపు జరిపి, విస్తీర్ణాన్ని దాదాపు 10,472 చదరపు కిలోమీటర్లకు చేర్చింది. అదే నెలలో దక్షిణాన ఏడు మండలాల్లోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీని ఏర్పాటు చేసింది. ఆ ఊళ్లలో చాలా వరకు అప్పటిదాకా హెచ్‌ఎండీఏ కిందే ఉన్నాయి. ఒక చేత్తో కలపడం, మరో చేత్తో విడదీయడం ఈ నగరానికి పాత అలవాటు.

1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి బజారు కట్టింది. బోర్డు జవాబు చెప్పుకోవలసింది పాలకుడికే. రాచరికంలో అంతకుమించి ఆశించలేం. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ నగరపాలక సంస్థలు ఒకటయ్యాయి. సైన్యం ఉండే కంటోన్మెంట్ ప్రాంతం మాత్రం బయటే ఉండిపోయింది.

1975లో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) పుట్టింది దాని కిందే. ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ గీయడం, లేఅవుట్లకు అనుమతివ్వడం, భూమి సేకరించి అమ్మడం దాని పనులు. పాలకవర్గాన్ని ప్రభుత్వమే నియమించేది. ఊరి వార్డు సభ్యుడికి ఓటు వేయవచ్చు గానీ, ఊరి పొలం ఏ జోన్‌లో పడాలో తేల్చేవారికి ఓటు వేసే వీలు లేదు. నేటి చిక్కుకు మొదలు ఇక్కడే.

1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హుడా వేగం చాలదని ప్రభుత్వానికి అనిపించింది. 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా మూడు కొత్త సంస్థలు వచ్చాయి: హుస్సేన్‌సాగర్ పరిసరాలకు బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టు అథారిటీ, మాదాపూర్, గచ్చిబౌలి వైపు సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ, శంషాబాద్ చుట్టూ విమానాశ్రయ అభివృద్ధి సంస్థ. దేనికది సొంత ప్లాన్ వేసుకుంది. పెట్టుబడిదారుకు దారి సులువైంది. ఆ ఊళ్ల పంచాయతీల నోట మాట లేకుండా పోయింది.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో హెచ్‌ఎండీఏ చట్టం అమల్లోకి వచ్చి హుడాతో సహా నాలుగు సంస్థలూ ఒకటయ్యాయి. 7 వేల చదరపు కిలోమీటర్లు దాటిన ప్రాంతానికి ముఖ్యమంత్రే సంస్థ అధ్యక్షుడు. సంస్థలు కలిశాయి గానీ ప్లాన్లు కలవలేదు. 2013 జనవరిలో నోటిఫై చేసిన 2031 మాస్టర్ ప్లాన్ ప్రధానంగా కొత్తగా చేరిన ప్రాంతానిదే. పాత హుడా, సైబరాబాద్, విమానాశ్రయ ప్లాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎన్నడో రద్దయిన సంస్థ పేరు మీదే ఇప్పటికీ శంషాబాద్ వైపు స్థలం భూవినియోగం చూసుకోవాలి. దీన్ని విలీనం అనడానికి కాస్త ధైర్యం కావాలి.

శివార్లలో ఒక లేఅవుట్ సంగతి చూస్తే అధికారం, బరువు ఎలా పంచుకున్నారో తెలుస్తుంది. రియల్ ఎస్టేట్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో కనబడేది హెచ్‌ఎండీఏ ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు. ఫైలు కదిలేది అమీర్‌పేటలోని స్వర్ణజయంతి కాంప్లెక్సులో. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు సంస్థకు తనఖాలో ఉంటాయి. పార్కు కోసం వదిలిన 10 శాతం స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు వస్తుంది. ప్లాట్లు అమ్ముడై ఇళ్లు లేచాక వీధి దీపం వెలగకపోతే, మోరీ పొంగితే జనం వెళ్లేది సర్పంచ్ దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో. ఆ లేఅవుట్ అక్కడ వద్దని చెప్పే అధికారం వాళ్లకు లేదు. భూముల వేలంలోనూ ఇదే తీరు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ నిర్వహించిన కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. అక్కడ లేచే టవర్ల చెత్త ఎత్తాల్సింది మాత్రం పురపాలక సంస్థ.

నగరపాలక సంస్థ విలీనం కథ ఇంకా చేదు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి వంటి 12 మునిసిపాలిటీలను, కొన్ని పంచాయతీలను హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) చేశారు. దాని తొలి ఎన్నికలు 2009 నవంబరులో గానీ జరగలేదు. అంటే రెండున్నరేళ్ల పాటు మహానగరాన్ని ప్రత్యేకాధికారే నడిపారు. నిన్నటిదాకా సొంత చైర్మన్, సొంత కౌన్సిల్ ఉన్న పట్టణాలు ఆ మధ్యకాలంలో ఎవరినీ నిలదీయలేకపోయాయి. ఎన్నికల తర్వాత 150 మంది కార్పొరేటర్లలో ఒక్కో పట్టణానికి వచ్చింది కొందరే. పన్ను మాత్రం విలీనమైన రోజు నుంచీ కొత్త సంస్థకే.

నిజానికి దీనికి విరుగుడు రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణతో వచ్చిన 243 జెడ్ఈ అధికరణ ప్రకారం 10 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో మూడింట రెండు వంతుల మందికి తక్కువ కాకుండా మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో తాము ఎన్నుకున్నవారు కావాలి. పట్టణ, పల్లె జనాభా నిష్పత్తిని బట్టి స్థానాలు. ప్రాంతం మొత్తానికి ముసాయిదా ప్రణాళిక వేయాల్సింది ఆ కమిటీ. దేశంలో ముందుగా కోల్‌కతా 2001లో దీన్ని పెట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ప్రత్యేక చట్టమూ చేసింది. అయినా 2031 ప్లాన్ తయారు చేసింది హెచ్‌ఎండీఏ, ఆమోదించింది ప్రభుత్వం.

అటు కృష్ణా తీరంలోనూ కథ ఇదే. 1978 నాటి విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థను 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ)లో కలిపేశారు. 2020లో సీఆర్‌డీఏను రద్దు చేసి మరో పేరుతో సంస్థ పెట్టారు. 2021 చివర్లో రద్దునే రద్దు చేశారు. ప్రభుత్వం మారినా, మనసు మారినా బోర్డు మారుతుంది. సర్పంచ్‌ను ఎప్పుడూ అడగరు.

ఇప్పుడు 2050 కోసం హైదరాబాద్ ప్రాంతానికంతటికీ ఒకే మాస్టర్ ప్లాన్ వేస్తామంటున్నారు. హద్దులు మారిన 2025 మార్చిలో తెలంగాణ గ్రామాల్లో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిస్తే 2025 డిసెంబరులో గానీ ఎన్నికలు జరగలేదు. కొత్తగా హెచ్‌ఎండీఏలోకి, ఫ్యూచర్ సిటీలోకి వెళ్లిన ఊళ్ల తరఫున ఆ రోజు సంతకం పెట్టగలిగినది ప్రత్యేకాధికారులే. వాళ్లను నియమించిందీ ప్రభుత్వమే.